పెట్టె మూతకు బెజ్జము

పాఠ్యభాగములు: 2 రాజులు 12:4-16, నిర్గమ 35:20-29, 2 కొరింథీ 8:16-21



మన ఊరివారందరు కలిసి నాటుమొక్కలు పెంచుటకు ఒక పాక వేయవలెనని సంకల్పించి చందా ప్రారంభించిన సంగతి మీరెరుగుదురు. పట్టణమువారు దీనిని గ్రీన్‌హౌస్ అందురు. చలిదేశములలో వెచ్చదనము నిలుచుటకై దానిని అద్దములతో కట్టుదురు. శేషాచలపు కొండల దిగువనున్న మన పల్లెలలో అద్దములతో కట్టినయెడల లేతమొక్కలు ఉడికిపోవును. మనకు కావలసినది సగము ఎండను ఆపు పచ్చని వల, దానిని నిలుపుటకు రాతి కూసాలు, ఒక నీటితొట్టి. ఇంతే.

నాటుమొక్కలే ఏల అని కొందరడిగిరి. ఎర్రచందనము సహజముగా పెరుగునది ప్రధానముగా మన తూర్పు కనుమల దక్షిణపు కొండలలోనే. దాని కలప వ్యాపారము 1995 నుండి అంతర్జాతీయ ఒప్పందపు నియమములకు లోబడియున్నను, 2021లో ఆ చెట్టు అపాయములోనున్న జాతిగా మరల లెక్కింపబడెను. అయితే మన పాకలో మొదట పెరుగవలసినవి ఇంతకంటె సామాన్యమైనవి: వేప, కానుగ, నేరేడు, రేల, ఉసిరి. మన చెరువుకట్ట మీద ఇవి ఒక్కొక్కటిగా పోవుచుండగా మనమెవరము లెక్క వ్రాయలేదు.

దేవాలయపు ప్రహరీ పడిపోయియుండగా మొక్కలకు చందా ఏలయని ఒక పెద్ద అడిగెను. తోటను సేద్యపరచి కాచుట మానవునికి మొదట అప్పగింపబడిన పని (ఆది 2:15). ప్రహరీ మాట లేఖనములో తరువాత వచ్చినది. ఈ ప్రశ్నకు జవాబు సులభమే.

కష్టమైన ప్రశ్న మేకలు కాయు ఒక అవ్వ అడిగెను. చందా పుస్తకము పట్టుకొని ఆమె గుడిసెకు పోయినప్పుడు ఆమె కొంగుముడి విప్పుచు, "అయ్యగారూ, ఆ పొద్దు మోటారుకని ఇస్తిమి గదా, ఆ దుడ్లేమాయె?" అనెను. మేము తలవంచితిమి. కొన్ని సంవత్సరముల క్రితము బావి మోటారుకు కూర్చిన సొమ్మును వానకాలమున కురియుచున్న దేవాలయపు కప్పునకు ఖర్చు పెట్టితిమి. దొంగిలింపలేదు. అయితే సంఘమునకు చెప్పనూ లేదు, లెక్క చదువనూ లేదు. అవ్వ పది రూపాయలిచ్చినది. అవి పుచ్చుకొనుట మాకు భారమైనది.

ఆ రాత్రి రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము తెరచితిమి. యోవాషు ఏలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరమువరకు యాజకులు మందిరపు శిథిలములను బాగుచేయలేదు. రాజు వారిని పిలిచి అడిగెను. వారు దొంగలని గ్రంథము చెప్పుటలేదు. సొమ్ము వారి చేతికి వచ్చెను, పని జరుగలేదు, అంతే. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము ప్రక్కన ఉంచెను. పెట్టె నిండగా రాజు ప్రధానమంత్రియు ప్రధాన యాజకుడును కలిసి లెక్కించిరి. ఒక్కరు కాదు, ఇద్దరు. అందులో ఒకడు యాజకుడు కానివాడు.

పదునైదవ వచనములో పనివారికిచ్చుటకు సొమ్ము అప్పగింపబడినవారిని లెక్క అడుగలేదనియున్నది. ఈ వచనము మావంటి పాదిరులకు మిక్కిలి ప్రియము! అయితే అది పని చేయించినవారిని గూర్చినది. కానుకలు పుచ్చుకొను యాజకులను గూర్చినది కాదు. తొమ్మిదవ వచనము దాటి పదునైదవ దానికి దుముకరాదు. యెరూషలేము పరిశుద్ధులకు కూర్చిన ధర్మమును పౌలు తానొక్కడే మోయక, సంఘములు ఏర్పరచిన సహోదరుని తీతుతో పంపుచున్నాడు. పౌలునే ఎవరు అనుమానింతురు? అయినను నిందకు చోటియ్యలేదు.

కనుక గత నెలలో మోటారు సొమ్ము లెక్కను సంఘము ఎదుట చదివితిమి. ఇద్దరు లేచి బయటికి పోయిరి. వారి కోపము న్యాయమే. క్రొత్త పెట్టెను పాలకేంద్రమునొద్ద ఉంచితిమి, దేవాలయములో కాదు, ఏలయనగా ఈ పాక మన సంఘమునకు మాత్రమే చెందినది కాదు, అన్ని వీధులవారిది. దానికి రెండు తాళములు. ఒక తాళపుచెవి స్త్రీల సమాజమువద్ద, రెండవది మన సంఘస్థుడు కాని బడిపంతులుగారివద్ద ఉన్నవి. మావద్ద ఏదియు లేదు. యౌవనస్థులు ఫోను ద్వారా కూర్చిన సొమ్మును కూడ పంతులుగారు ప్రతి శనివారము నల్లబల్ల మీద వ్రాయుచున్నారు.

నిర్గమకాండములో కొందరు బంగారము తెచ్చిరి, కొందరు మేకవెండ్రుకలు వడికిరి. రెండును అదే గుడారములోనికి పోయెను. సొమ్ము లేనివారు ఖాళీ పాలసంచులను కడిగి, అడుగున రంధ్రములు చేసి తేవచ్చును. అవే మొక్కలకు కుండీలు. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పేడయెరువు కలిపి నింపవలెను. గింజలు మన గట్లమీదను చెరువుకట్టమీదను ఏరవలెను గాని, అనుమతి లేక రిజర్వు అడవిలో అడుగు పెట్టరాదు.

ఇందులో ఒక తొందర కలదు. వేపగింజ కొలది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. మరుసటి యేటికి దాచుటకు వీలులేదు. పండ్లు రాలువేళకు వల కట్టియుండవలెను. కూసాలకు సరిపడు సొమ్ము వచ్చినది, వలకు ఇంకను చాలదు. వచ్చు శనివారము సాయంకాలము పాలకేంద్రమునొద్ద పెట్టె తెరువబడును. మేకల అవ్వను లెక్క చూచుటకు రమ్మని పిలిచితిమి. మేకలను తోలుకొని వచ్చెదననినది.