ఉపకారమా? వేతనమా? - జీవశాస్త్ర విద్యార్థులకు ఫెలోషిప్పులు

విద్యార్థి అంటే విద్యను అర్థించేవాడు. ఉర్దూలో ఇతనినే తాలిబె ఇల్మ్ అంటారు, అనగా జ్ఞానాన్ని కోరేవాడు. రెండు భాషలూ ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నవి. అయితే జ్ఞానాన్ని కోరేవానికి కడుపు కూడా ఉంటుంది గదా! ఆ కడుపు ప్రసక్తి వచ్చినప్పుడే స్కాలర్‌షిప్పు, ఫెలోషిప్పు అనే మాటలు వినవస్తాయి. తెలుగులో స్కాలర్‌షిప్పును ఉపకార వేతనం అంటున్నాము. ఇందులో రెండు మాటలు కలిసి ఉన్నవి. ఉపకారమైతే ఇచ్చేవారి దయ. వేతనమైతే పనిచేసేవారి హక్కు. ఉర్దూలోని వజీఫా అనే మాటకు కూడా నియమించిన విధి అనీ, ఆ విధికి ఇచ్చే భృతి అనీ రెండు అర్థాలున్నవి. మన విద్యార్థులు చాలామంది దీనిని ఉపకారంగానే భావించి, సిఫారసు ఉన్నవారికి తప్ప దక్కదని దూరంగా నిలిచిపోతున్నారు. పరిశోధన ఒక పని అనీ, ఫెలోషిప్పు ఆ పనికి వేతనమనీ, దానిని నిర్ణీత నియమాల ప్రకారం సంపాదించుకోవచ్చుననీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక తెలుగు శాస్త్రజ్ఞుని అనుభవం

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. 1920ల ఆరంభంలో అమెరికా వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, ఆయన మామగారు ద్రవ్యసహాయం చేశారు. అక్కడ చేరిన తరువాత చేతికి అందిన స్కాలర్‌షిప్పు లేదు. పగలు చదువుకుంటూ, రాత్రులు ఒక ఆసుపత్రిలో చిన్న కొలువు చేసి పొట్ట పోసుకున్నారు.

ఆ మహనీయుడే తరువాత సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. జీవరసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పరిచయమే. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించిన కృషిలోనూ ఆయన భాగస్వామి. 1930లో హార్వర్డు నుంచి డాక్టరేటు పొందారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించారు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు కూడా ఆయన నాయకత్వంలో వెలువడినదే. 1948లో పరమపదించారు.

ఈ కథను మన సభలలో పట్టుదలకు దృష్టాంతంగా చెబుతూ ఉంటారు. మేము దీనిని మరొక విధంగా కూడా చదువుతున్నాము. రాత్రి కొలువులో గడిచిన ఆ గంటలు ప్రయోగశాలలో గడిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. కష్టానికి తట్టుకొని నిలిచిన ఒక సుబ్బారావు మనకు తెలుసు. తట్టుకోలేక వెనుదిరిగినవారి పేర్లు మనకు తెలియవు.

దీని పక్కన ఇంకొక ఉదాహరణ పెట్టి చూడవచ్చు. తలశ్శేరిలో పుట్టిన ఇ.కె. జానకి అమ్మాళ్ మద్రాసులోని ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో అధ్యాపకురాలు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆసియా దేశాల స్త్రీల కొరకు 1917లో బార్బర్ స్కాలర్‌షిప్పు ఏర్పడినది. జానకి అమ్మాళ్ ఆ స్కాలర్‌షిప్పు మీద వెళ్లి 1931లో డాక్టరేటు తీసుకొన్నారు. తరువాత కోయంబత్తూరులో చెరకు వంగడాలపై పనిచేశారు. స్త్రీలకు చదువే అరుదైన ఆ కాలంలో, ఒక దాత ఆలోచించి పెట్టిన వజీఫా ఒక వృక్షశాస్త్రవేత్తను దేశానికి ఇచ్చినది.

మూసుకొన్న తలుపు

మైనారిటీ విద్యార్థులకు సంబంధించిన ఒక విషయాన్ని దాచకుండా చెప్పవలసి ఉన్నది. స్వతంత్ర భారతదేశపు మొదటి విద్యామంత్రి పేరిట మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును కేంద్ర ప్రభుత్వం 2009-10లో ప్రారంభించినది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పారశీక వర్గాలకు చెందిన పరిశోధక విద్యార్థులకు దీనిని ఇచ్చేవారు. ఇతర పథకాలతో ఇది కలగాపులగమవుతున్నదని కారణం చెప్పి, 2022-23 నుంచి కొత్తవారికి ఇవ్వడం ఆపివేశారు. నేటికీ కొందరు విద్యార్థులు "మనకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు ఉన్నది గదా" అని మాతో అంటున్నారు. పాత పుస్తకాలలో చదివి దాని మీద ఆశ పెట్టుకోవద్దని మనవి. ఈ నిర్ణయం మంచిదా కాదా అనే చర్చ వేరు. పరీక్ష రాయబోయే విద్యార్థికి కావలసినది, ఇప్పుడు తెరచి ఉన్న తలుపులేవో తెలియడం.

తెరచి ఉన్న తలుపులు

మొదటిది డిగ్రీ స్థాయిలోనిది. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ఇన్‌స్పైర్ పథకాన్ని ఆరంభించినది. ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి, బి.యస్సీ. వంటి మౌలిక శాస్త్రాల కోర్సులో చేరినవారు దీనికి అర్హులు. సంవత్సరానికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి ఖర్చులకు, 20,000 వేసవిలో ఒక శాస్త్రజ్ఞుని వద్ద చేసే పనికి. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టవలె. ఇంటరులో మంచి మార్కులు తెచ్చుకొని కూడా ఈ సంగతి తెలియక ఆ సంవత్సరాన్ని దాటవేసినవారిని మేము చూచితిమి.

రెండవది వేసవి పరిశోధన ఫెలోషిప్పు. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి దీనిని నడుపుతున్నవి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలపాటు దేశంలోని ఏదైనా ప్రయోగశాలలో పేరుపొందిన శాస్త్రజ్ఞుని వద్ద పనిచేస్తాడు. అధ్యాపకులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మైక్రోస్కోపు కొరకు వంతులవారీగా ఎదురుచూచే మన విద్యార్థికి, హైదరాబాదులో 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. వంటి సంస్థలో రెండు నెలలు గడపడం ఎంత మేలో వేరుగా చెప్పనవసరం లేదు.

మూడవది, అన్నిటికంటె పెద్దది, సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష. ఎం.యస్సీ.లో 55 శాతం మార్కులు ఉండవలె, ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి., వికలాంగ విద్యార్థులకు 50 శాతం చాలు. ఎం.యస్సీ. చివరి సంవత్సరంలో ఉండగానే రాయవచ్చు. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోగా 42,000 నిర్ణయించారు. ఇంటి అద్దె భత్యం వేరు. మొత్తం ఐదు సంవత్సరాలు. ఇది ఉపకారమో వేతనమో మీరే నిర్ణయించండి!

ఇవిగాక బయోటెక్నాలజీ విద్యార్థులకు ఎం.యస్సీ. ప్రవేశానికి గాట్-బి పరీక్ష, పిహెచ్.డి.కి బెట్ పరీక్ష ఉన్నవి. విశ్వవిద్యాలయంలో ఎం.యస్సీ. ప్రథమ స్థానం పొందినవారికి ఇన్‌స్పైర్ ఫెలోషిప్పు, తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన ఆడపిల్లకు సావిత్రీబాయి ఫూలే పేరిట యు.జి.సి. ఫెలోషిప్పు ఉన్నవి.

పురస్కారాల మాట కూడా ఒక్కటి. ఫెలోషిప్పు పనికి ముందు వస్తుంది; పురస్కారం పని ముగిసిన తరువాత వస్తుంది. 1958లో మొదలైన శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి ఇప్పుడు విజ్ఞాన్ యువ పేరుతో రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలలో చేరినది. 45 సంవత్సరాల లోపువారికి ఇస్తారు. దానిని గురించి కలలు కనండి, తప్పులేదు. అయితే ముందు కావలసినది మొదటి మెట్టు.

పరీక్షను ఎట్లా ఎదుర్కోవలె?

నెట్ జీవశాస్త్ర ప్రశ్నపత్రం 200 మార్కులకు ఉంటుంది. ఎ భాగంలో సామాన్య తర్కం, గణితం 30 మార్కులు. బి భాగంలో విషయ పరిజ్ఞానం 70. సి భాగంలో 100. అనగా సగం మార్కులు సి భాగానివే. అందులో 75 ప్రశ్నలిచ్చి 25 మాత్రమే రాయమంటారు. ఒక్కొక్కటి 4 మార్కులు. తప్పు జవాబుకు నాలుగవ వంతు మార్కులు కోత. కావున అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాని కంటె, కొన్ని అధ్యాయాలు లోతుగా తెలిసినవానికి ఈ భాగం అనుకూలం.

సి భాగంలో కంఠస్థం చేసినది పనికిరాదు. ప్రయోగ ఫలితాలిచ్చి కారణం అడుగుతారు. దీనికి సాధన మన పొలంలోనే ఉన్నది. 2021-22లో మన ప్రాంతపు మిరప పంటను నల్ల తామర పురుగు నాశనం చేసిన సంగతి మీ ఇళ్లలో అందరికీ తెలుసు. మందు కొట్టినకొద్దీ పురుగు తగ్గక పెరిగితే దానికి కారణమేమి? పురుగుకు మందును తట్టుకొనే శక్తి వచ్చినదా? పురుగును తినే మిత్రకీటకాలు మందుకు చచ్చినవా? పక్క చేల నుంచి కొత్త పురుగు వలస వచ్చినదా? ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడానికి ఏ ప్రయోగం చేయవలె? పోల్చి చూడడానికి ఏ మడిని మందు కొట్టకుండా వదలిపెట్టవలె? ఇట్లా ఆలోచించడమే జీవశాస్త్రం. రైతుబిడ్డకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. వాటిని శాస్త్రభాషలో చెప్పడమే కొత్త.

ఆ భాష సంగతి కూడా చెప్పవలె. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలోనే ఉంటుంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివినవారు ఎం.యస్సీ. దాకా ఆగకుండా, డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే రోజుకు రెండు పుటల చొప్పున ఇంగ్లీషు పాఠ్యగ్రంథం చదవడం అలవాటు చేసుకోవలె. విషయాన్ని మాతృభాషలో అర్థం చేసుకొని ఇంగ్లీషులో చదివినవాడు దేనిలోనూ నష్టపోడు.

కాగితం తెచ్చే చిక్కులు

మాకు తెలిసిన ఒక విద్యార్థిని ఉన్నది. తెలివిగల పిల్ల. పదవ తరగతి మెమోలో ఆమె ఇంటిపేరు 'ఎస్.కె.' అని ఉన్నది. ఆధార్ కార్డులో 'షేక్' అని. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు చివరికి పోయినది. తండ్రి పేరు ఒకచోట 'సాహెబ్'తోనూ, మరొకచోట లేకుండానూ ఉన్నది. వీటిని సరిచేయించేలోగా దరఖాస్తు గడువు దాటినది. ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతున్నది. ఆమె ఓడిపోయినది పరీక్షలో కాదు. పరీక్ష గది దాకా ఆమె రానేలేదు. మన ఇళ్లలో ఈ పేర్ల తికమక లేని కుటుంబం అరుదు. డిగ్రీలో చేరిన సంవత్సరమే అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూచుకొనండి.

రెండవ చిక్కు కుల ధ్రువపత్రం. రాష్ట్రంలో 2007 నుంచి బి.సి.-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషను ఉన్నది. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నట్లు కాదు. ఉదాహరణకు దూదేకుల, నూర్‌బాషా వర్గంవారు కేంద్ర జాబితాలో కూడా ఉన్నారు. తక్కినవారు తమ కులం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూచిన తరువాతనే దరఖాస్తులో ఓ.బి.సి. గడి నింపవలె.

కమిటీవారికి విన్నపం

ఈ పనులన్నీ ఒక్క విద్యార్థి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. కళాశాల కమిటీవారికి మూడు చిన్న సూచనలు చేస్తున్నాము. ఒకటి, ఫెలోషిప్పుల గడువులు రాసే బోర్డు ఒకటి గ్రంథాలయ ద్వారం వద్ద పెట్టించవలె. రెండు, ప్రతి సంవత్సరం ప్రవేశాలు ముగిసిన నెలలోనే విద్యార్థుల ధ్రువపత్రాలను సరిచూచే దినం ఒకటి జరపవలె. మూడు, నెట్ పాత ప్రశ్నపత్రాలు, ఒక మంచి జీవరసాయన గ్రంథం గ్రంథాలయంలో ఉంచవలె. వీటికి అయ్యే ఖర్చు మన వార్షికోత్సవ షామియానా ఖర్చుకు మించదు.

మన దుర్గి రాతిశిల్పానికి పేరుపొందిన ఊరు. ఇక్కడ ఉలి పట్టిన శిష్యుడు మొదటి రోజునే విగ్రహం చెక్కడు; ఏళ్ల తరబడి రాయిని చదునుచేయడం నేర్చుకుంటాడు. ఆ ఏళ్లలో అతనికి ఎవరో ఒకరు అన్నం పెట్టవలె. పెట్టినవారు అతనికి ఉపకారం చేసినారని ఎవరూ అనుకోరు. రేపటి విగ్రహానికి ఇవాళే కూలి ఇచ్చినారని అనుకుంటారు. పరిశోధక విద్యార్థి సంగతీ అంతే. కావున విద్యార్థినీ విద్యార్థులారా, వజీఫాను అడగడానికి సంకోచించవద్దు. నియమాలు చదవండి, గడువులు గుర్తుంచుకొనండి, పరీక్షకు సిద్ధపడండి. వచ్చే సంవత్సరపు సంచికలో మీలో ఒకరి ఎంపిక వార్తను ప్రకటించే అవకాశం మాకు కలుగుతుందని ఆశిస్తున్నాము.