ఇంటర్వ్యూకు ఏ బట్టలు?

అతను అగ్నిమాపక కేంద్రంలో ఫైర్‌మన్. జట్టు నాయకుడి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది.

"వడ్డీకి తెచ్చయినా సూటు కుట్టించుకుంటా" అన్నాడు.

భార్య ఉత్తరం తీసుకుంది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది.

"యూనిఫాంలో రావాలని రాశారయ్యా. అప్పెందుకు?" అంది.

ఆమె ఊడిన గుండీ కుట్టింది. అతను చొక్కా, ప్యాంటు ఉతికి ఇస్త్రీ చేశాడు. బూట్లకు పాలిష్ పెట్టాడు. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకున్నాడు.

ఇది సోకు కాదు. పొగలోకి వెళ్లేవారు గాలి మాస్కు తొడుక్కుంటారు. గడ్డం పెరిగితే మాస్కు ముఖానికి గట్టిగా అతకదు. సందులోంచి పొగ దూరుతుంది. ప్రాణానికే ముప్పు. బూటు తాడు ఊడితే మెట్ల మీద పడిపోతారు. తన ఒంటి మీదివి చూసుకోని నాయకుడు తోటివాళ్లవి ఏం చూస్తాడు? ఇంటర్వ్యూ చేసేవారు గమనించేది అదే.

యూనిఫాం లేనివారి సంగతేమిటి? ఒంటికి సరిపోయే, ఉతికిన చొక్కా, ప్యాంటు చాలు. తళతళలాడే రంగులు వద్దు. కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు, కరుస్తాయి.

ముందు ఉత్తరం చదవండి. బట్టలు ముందురోజే సిద్ధం చేసుకోండి. అప్పు మాత్రం చేయకండి.