ఎలర్జీ మాత్ర పడనివారు ఏం చేయాలి?



వానలు మొదలైనప్పటి నుండి చలికాలం ముగిసేవరకు మన ఔట్ పేషెంట్ విభాగానికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురదతో వచ్చేవారు ఎక్కువ. వీరిలో చాలామంది "మాత్ర వేసుకుంటే తగ్గుతుంది సిస్టర్, కానీ ఆ మాత్ర నాకు పడదు" అంటారు. కొందరు మందు మానేసి బాధ భరిస్తారు. మరికొందరు "గట్టి ఇంజక్షన్" కోసం తిరుగుతారు. ఈ రెండూ మంచివి కావు. పడని మందును డాక్టరుగారి చేత మార్పించుకోవాలి. ఎలర్జీకి కారణమైనదాన్ని ఇంటిలో నుండి తగ్గించాలి. ఈ నెల పాఠంలో ఈ సంగతే తెలుసుకుందాం.

జలుబా, ఎలర్జీయా?

జలుబు క్రిముల వల్ల వస్తుంది, సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఎలర్జీ అంటువ్యాధి కాదు. హాని లేని పదార్థాన్ని శరీరం శత్రువు అనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అందుకే జ్వరం లేకుండా దురద, వరుస తుమ్ములు, నీళ్ళలాంటి చీమిడి ఉంటాయి. ప్రతి ఏడూ అదే కాలంలో, లేదా అదే గదిలోకి వెళ్ళినప్పుడు వస్తుంటే ఎలర్జీ అని అనుమానించాలి.

మన ప్రాంతంలో ముఖ్య కారణాలలో రెండు ఇవి. మొదటిది పుప్పొడి. వానల తరువాత ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ, పలు రకాల గడ్డి పూత దీనికి మూలం. రెండవది బూజు. ఇక్కడ బూజు అంటే సాలెగూడు కాదు. చెమ్మ గోడ మీద, తోలు చెప్పుల మీద, తడిసిన గోనెసంచుల మీద, వరిగడ్డి వామిలో పట్టే ఫంగస్. దీని కంటికి కనిపించని రేణువులు గాలిలో తేలి ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

మాత్ర ఎందుకు పడదు?

"ఎలర్జీ మాత్ర" అనేది ఒకటే మందు కాదు. ఏది పడలేదో తెలిస్తే వేరేది దొరుకుతుంది.

1. ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ పాతకాలపు మందులు. ఇవి మెదడుకు చేరి మత్తు కలిగిస్తాయి. ఆటో, లారీ నడిపేవారికి, మిషన్ల దగ్గర పనిచేసేవారికి ప్రమాదం. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పెద్దవారిలో మూత్రం ఆగిపోవచ్చు. జలుబు మాత్ర వేసుకున్న రాత్రే మూత్రం బిగిసిపోయి, మన వార్డులో గొట్టం వేయించుకున్న పెద్దాయనలు ఉన్నారు. నీటికాసుల జబ్బు ఉన్నవారు కూడా వీటిని సొంతంగా వాడరాదు.

2. సెట్రిజిన్‌తో మత్తు తక్కువే గాని కొందరికి వస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్‌లతో మత్తు ఇంకా తక్కువ. ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్ళతోనే వేసుకోవాలి. పండ్ల రసంతో వేసుకుంటే సరిగా పనిచేయదు.

3. చాలా జలుబు మాత్రల్లో ఫెనిలెఫ్రిన్ కలిసి ఉంటుంది. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా వాడరాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన మందును 4 సంవత్సరాల లోపు పిల్లలకు ఇవ్వరాదని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

4. ముక్కు దిబ్బడ విడిపించే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలను అయిదు రోజులకు మించి వాడితే దిబ్బడ తిరిగి, మరింత ఎక్కువగా వస్తుంది.

5. స్టెరాయిడ్ ఇంజక్షన్లు, మాత్రలు మాటిమాటికి వాడితే షుగరు, బి.పి. పెరుగుతాయి, ఎముకలు బలహీనమవుతాయి.

మాత్ర వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే ఆ మందు మళ్ళీ ముట్టుకోకూడదు. దాని పేరు కాగితం మీద రాసి ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

చెమ్మను బయటకు పంపండి

బూజుకు ఆహారం చెమ్మ. చెమ్మ పోకుండా బూజు పోదు. దాని మీద రంగు వేసినా కొద్ది రోజులకు మళ్ళీ పైకి వస్తుంది. ముందుగా డాబా కారడం, పైపు లీకు బాగుచేయించండి. తడిసిన పరుపులు, చాపలు, బట్టలు ఒకటి రెండు రోజుల్లోపు పూర్తిగా ఆరాలి. బీరువాను గోడకు జానెడు దూరంగా జరపండి. పడకగదిలో తడి బట్టలు ఆరవేయకండి. కూలరులోని గడ్డి తడకలను ప్రతి వేసవికి ముందు మార్చండి.

బూజును పొడి చీపురుతో దులిపితే రేణువులు గదంతా లేస్తాయి. సబ్బునీటితో తడిపి, రుద్ది, తుడిచి ఆరబెట్టాలి. ఈ పని ఎలర్జీ లేనివారు, మాస్కు కట్టుకుని చేయాలి. బ్లీచింగ్ పౌడరును బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి, విషవాయువు వస్తుంది. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ ఎలర్జీ ముక్కుకు మరింత మంట పెడుతుంది.

పుప్పొడి కాలంలో బయటనుండి రాగానే ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకోవాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకించాలి.

ముక్కు కడగడం, స్ప్రే వాడడం

పావు లీటరు నీటికి అర టీ చెంచా కంటే కొంచెం తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. అయోడిన్ లేని ఉప్పయితే మంట తక్కువ. సింకు మీదికి వంగి, నోటితో గాలి పీలుస్తూ, ఒక రంధ్రంలో పోస్తే రెండవ రంధ్రం నుండి వస్తుంది. పుప్పొడి, బూజు రేణువులు దానితో కొట్టుకుపోతాయి. ఇందులో మత్తు లేదు, బి.పి. భయం లేదు.

ఒక్క నియమం మాత్రం తప్పనిసరి. నీటిని కళపెళ మరిగించి, కనీసం ఒక నిమిషం అలాగే ఉంచి, చల్లార్చి వాడాలి. కుళాయి, బావి, ఫిల్టరు నీరు నేరుగా వాడరాదు. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో ప్రాణాలు తీసిన అమీబా మెదడు జ్వరానికి కారణమైన క్రిమి ముక్కు ద్వారానే మెదడుకు చేరగలదు.

డాక్టరుగారు ముక్కు స్టెరాయిడ్ స్ప్రే రాస్తే భయపడకండి. అది ముక్కులోనే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కుడి చేతితో ఎడమ రంధ్రంలో, ఎడమ చేతితో కుడి రంధ్రంలో, నడిమి గోడ మీద కాక బయటివైపుకు కొట్టాలి. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండు రోజులకే "పనిచేయలేదు" అని మానకండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రాత్రి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు ఉంటే ఎలర్జీ ముక్కు దాటి ఊపిరితిత్తులకు చేరిందేమో పరీక్షించాలి. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి బూజు ఊపిరితిత్తుల్లోనే ఎలర్జీ కలిగిస్తుంది. గోధుమరంగు గట్టి కళ్ళె పడుతుంది, ఎక్స్‌రేలో మచ్చలు కనబడతాయి. దీనిని క్షయ అని పొరబడే అవకాశం ఉంది కాబట్టి కళ్ళె పరీక్ష, రక్త పరీక్ష రెండూ అవసరం. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం కనబడితే 108కి ఫోన్ చేయండి.

ఈసారి ఆస్పత్రికి వచ్చేటప్పుడు మీకు పడని మాత్ర ఖాళీ స్ట్రిప్పు తీసుకురండి. ఎన్ని వేసుకున్నారు, ఎంతసేపటికి ఏం జరిగింది, ఇంటిలో ఏ గదిలో బాధ ఎక్కువ అన్నవి చీటీ మీద రాసుకుని రండి. మీకు సరిపడే మందు ఎంచుకోవడానికి డాక్టరుగారికి ఆ చీటీ ఎంతో ఉపయోగపడుతుంది.