ఖజానామీద నియమింపబడువారు

పాఠ్యభాగము: నెహెమ్యా 13:10–13, లూకా 16:10–12



పరీక్షాఫలితములు వచ్చు దినములలో సత్తెనపల్లి చుట్టుపట్ల మన సంఘముల గృహములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచుండును: “బి.కాం. చదివిన మా బిడ్డకు మొదటి నెల జీతమెంత వచ్చును?” పత్తికో మిర్చికో చేసిన అప్పు తీరని యింట ఈ ప్రశ్న పుట్టుట సహజమే. అయితే దానితోకూడ మరియొక ప్రశ్న అడుగవలెను: “పది సంవత్సరములైన పిమ్మట ఆ పని మన బిడ్డను ఎక్కడ నిలుపును?”

నెహెమ్యా కాలమున లేవీయులకు రావలసిన పాళ్లు అందలేదు. వారు సేవ విడిచి పొలములకు పోయిరి. అప్పుడతడు ఖజానామీద కొందరిని నియమించెను. వారు నమ్మకస్థులని జనులెరుగుదురు. తమ సహోదరులకు పంచిపెట్టుటయే వారి పని. నమ్మకము ముందు, పదవి తరువాత. ఆ పదవియు సహోదరుల మేలుకొరకే.

ఇల్లిల్లు తిరిగి వాయిదాలు వసూలు చేయు పనిలో జీతము వెంటనే చేతికి వచ్చును. అదియు కష్టార్జితమే. కాని నేర్చుకొనుటకేమియు లేనిచోట పదేండ్లకును అదే వీధి, అదే వసూలు.

ప్రభుత్వ రంగ బ్యాంకులలో గుమాస్తా పనికి ఐ.బి.పి.ఎస్. పరీక్ష వ్రాయుటకు ఏ డిగ్రీయైనను చాలును. చేరిన తరువాత జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలు ప్యాసైనవారికి ఇంక్రిమెంట్లు లభించును. ప్రమోషను పొంది ఆఫీసరు కావచ్చును. ఆఫీసర్లకు స్కేలు 1 మొదలుకొని పైకి మెట్లున్నవి. ఏడవది జనరల్ మేనేజరు. చార్టర్డ్ అకౌంటెంటు కాగోరువారు ఫౌండేషను, ఇంటర్మీడియేటు, ఫైనలు పరీక్షలు దాటి, నడుమ రెండేండ్లు ఆర్టికల్స్ శిక్షణ పొందవలెను. ఆ కాలమున చేతికి వచ్చునది స్వల్పమే. ఇంటివారికి ఓర్పు కావలెను.

1923లో మచిలీపట్నమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయెను. బోర్డు మారెను గాని, అక్కడివారు నేర్చిన పని వ్యర్థము కాలేదు. కావున సంస్థ పేరుకంటె, అందు నేర్చుకొను విద్యను చూచి ఎంచుకొందము.

ఒక హెచ్చరికయు కలదు. శిష్యులలో డబ్బు సంచి మోసినవాడు యూదా. సంచి దగ్గరనే అతడు తప్పిపోయెను (యోహాను 12:6). కొంచెములో నమ్మకము ఇంటనే, సంఘముననే అలవడవలెను. సంఘపెద్దలారా, కానుకల లెక్క వ్రాయు పుస్తకమును మన యౌవనుల చేతికిచ్చి, ప్రక్కన కూర్చుండి నేర్పుదము.

పంట ఋణము గడువులోగా కట్టినచో వడ్డీలో రాయితీ కలదని చెప్పువారు లేక నష్టపోవు రైతులున్నారు. పాసుపుస్తకము పట్టుకొని భయముతో నిలిచిన అట్టివానికి, కౌంటరు వెనుకనుండి మన బిడ్డ మెల్లగా వివరించిన దినమున, నెహెమ్యా నియమించినవారి పని మన మధ్యను జరుగును.

ఆలోచించుటకు:
1. మన యింట ఉద్యోగమును ఎంచుకొనునప్పుడు ముందుగా దేనిని చూచుచున్నాము?
2. శిక్షణాకాలమున ఒక పేద విద్యార్థికి మన సంఘము ఎట్లు తోడ్పడగలదు?