త్రివిధ వ్యాయామ పందెము – బాలబాలికల ఆరోగ్యము

ఈత, సైకిలు, పరుగు – ఈ మూటిని నడుమ విరామము లేకుండ ఒకదాని వెంట నొకటిగా ముగించు పందెమునకు ట్రయథ్లాన్ అని పేరు. ఇది 1974లో అమెరికాలోని శాన్‌డియేగో నగరమున జరిగి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఒలింపిక్ పందెమున 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు ఉండును. ఇట్టివి మన బాబ్లీ పిల్లలకేల యని తల్లిదండ్రులు తలపవచ్చును. గోదావరి యొడ్డున పెరిగి, సైకిలు తొక్కుచు, పొలము గట్లపై పరుగెత్తు బిడ్డలకు ఈ మూడును క్రొత్తవి కావు. వీని వెనుకనున్న శాస్త్రమే క్రొత్తది. అది పందెమునకు పోని బిడ్డకును పనికివచ్చును.

శాస్త్రము చెప్పు మొదటి మాట విశ్రాంతిని గూర్చినది. శ్రమచే కండరములు అలసి నలుగును. ఆహారము, నిద్ర లభించినపుడే అవి మునుపటికంటె గట్టిపడును. క్రమమైన సాధనచే గుండె ఒక్కొక్క స్పందనమునకు ఎక్కువ రక్తమును పంపును. కావున విశ్రాంతివేళ నాడి నెమ్మదించును. ఉదయము లేవగానే బిడ్డ నాడి చూచుచుండుడు. కొన్ని దినములు వరుసగా అది మామూలుకంటె వేగముగా నున్నచో సాధన తగ్గింపవలెను. 13 ఏండ్లు దాటిన పిల్లలకు రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర అవసరము.

రెండవది మితము. సాధనలో అధికభాగము మాటలాడుచు చేయగలిగినంత తేలికగా నుండవలెను. రొప్పుచు మాట పెగలనంతటి పరుగు వారమునకు ఒకటి రెండు మారులు చాలును. నిన్న 2 కిలోమీటర్లు పరుగెత్తిన బాలుని నేడు 5 పరుగెత్తుమని తొందరపెట్టరాదు. ఎదుగుచున్న ఎముకల కొనలు ఇంకను మెత్తగా నుండుటచే అతిశ్రమకు త్వరగా గాయపడును.

క్రమసాధన ఫలమునకు దృష్టాంతము దూరమున లేదు. పొరుగున నున్న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న, 14 ఏండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరము నెక్కినది. సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, మొదట భువనగిరి బండపై, పిదప డార్జిలింగులో, ఆపై లడఖు చలిలో ఆమె అభ్యసించినది. కూలిపని చేసికొను తల్లిదండ్రులు ఆమెను పంపుటకు సమ్మతించిరి.

మూడవది ఎండ. దేహము వేడికి అలవాటుపడుటకు 10 నుండి 14 దినములు పట్టును. వేసవిలో సాధన తెల్లవారుజాముననే ముగియవలెను. తల తిరిగి, మాట తడబడినచో వడదెబ్బయని గుర్తించి, వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోయుచు విసరుచు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. చెమటతో ఉప్పును పోవును గనుక దీర్ఘశ్రమ పిదప ఉప్పు కలిపిన మజ్జిగ మేలు. ఆహారమునకు జొన్నరొట్టె, పప్పు, వేరుసెనగలు, ఆకుకూరలు చాలును. ఖరీదైన పొడులతో పనిలేదు.

నాలుగవది ఏరు. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి బాబ్లీ ఆనకట్ట తలుపులు జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తియుండును. పిదప దింపగా నీరు నిలుచును. ఒక నెల మోకాటిలోతున్న చోటు మరొక నెల నిలువు లోతు కావచ్చును. కావున ఈత నేర్చిన పెద్దవాడు దగ్గర లేనిదే ఏ బిడ్డను నీటిలోనికి విడువరాదు.

తల్లిదండ్రులకు కడపటి మనవి. పెద్దమనిషి కాగానే ఆడపిల్లను ఆటస్థలమునుండి మాన్పించుట మన యిండ్లలో కలదు. గుండెకు, ఎముకలకు వ్యాయామము మిక్కిలి అవసరమైన వయసదియే. రక్తహీనత యున్నచో వైద్యునిచే పరీక్షింపజేసి, తగిన ఆహారమిచ్చి, ఆడనిండు. పతకము కొందరికే లభించును. ఆరోగ్యము అందరికిని లభింపవలెను.