పందెమును కుదించుట పిరికితనమా?
(విద్యార్థుల తలిదండ్రులకు ఒక పాఠము)

మన ఆవడి ప్రాంతమువారికి సైకిలు క్రొత్త వస్తువు కాదు. ప్రక్కనున్న అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థ వెలసినది. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అను పేర్లు గల బండ్లు అక్కడనుండి దేశము నలుమూలలకును పోయినవి. ప్రభుత్వ పాఠశాలలలోను, సహాయము పొందు పాఠశాలలలోను పదునొకండవ తరగతి చదువు పిల్లలకు తమిళనాడు ప్రభుత్వము ఉచితముగ సైకిళ్లు పంచుచు వచ్చినది. మన పిల్లలలో ననేకులు సైకిలు మీదనే బడికి వత్తురు.

కార్తికమాసపు వానలు మొదలైనంతనే మా కార్యాలయమునకు రెండు విధముల మాటలు వచ్చుచుండును. కొందరు తండ్రులు, “నాలుగు చినుకులు పడగనే సెలవా? మేము మోకాటి లోతు నీటిలో నడచి చదువుకొనలేదా?” అందురు. కొందరు తల్లులు, “ప్రాణముకంటె పాఠము గొప్పదా?” అందురు. ఇరుపక్షముల మాటయందును న్యాయమున్నది. ఇదే తగవును సైకిలు పందెములవారు మనకంటె తీవ్రముగ తర్కించుకొని, కొన్ని నిర్ణయములకు వచ్చియున్నారు. ఆ చరిత్రను తెలిసికొనుట మనకు మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మజిలీల పందెము

ఐరోపా ఖండమున సైకిలు పందెము జీవనవృత్తిగ నున్నది. ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు ‘టూర్ డి ఫ్రాన్స్’ 1903లోను, ఇటలీ దేశపు ‘జిరో డి ఇటాలియా’ 1909లోను ఆరంభమైనవి. ఇవి ఒక్కనాటి పందెములు కావు. మూడు వారములపాటు, సుమారు ఇరువదియొక్క మజిలీలుగ, 3,000 కిలోమీటర్లకు మించిన దూరము సాగును. ప్రతి మజిలీకి పట్టిన కాలమును కూడుచు పోయి, మొత్తము మీద ఎవరికి తక్కువ కాలము పట్టినదో వానిని విజేతగ నిర్ణయింతురు. ముందున్నవాడు ఫ్రాన్సులో పసుపు చొక్కాయు, ఇటలీలో గులాబి చొక్కాయు ధరించును.

ఇందు ముఖ్యముగ గమనింపవలసినది యొకటి కలదు. కొందరు చదునునేలపై వేగముగ పోగలరు. కొందరికి కొండ యెక్కుటయందే బలము. కొందరు కొండ దిగుటలో నేర్పరులు. కావున ఒక మజిలీలో కొండను తీసివేసినచో కొండ యెక్కువానికి నష్టము, చదునున పోవువానికి లాభము. కుదించుట అనునది కేవలము దూరమును తగ్గించుట కాదు. ఎవరికో ఒకరికి అవకాశమును తగ్గించుటయు నగును. తగవంతయు నిక్కడనే యున్నది.

చలి, తడి, ఎండ – శరీరము

మన శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగువకు పోయినచో వణకు, మతి తడబాటు, మగత కలుగును. నీరు గాలికంటె 20 రెట్లకు మించి వేగముగ వేడిని లాగుకొనును. కావున తడిసిన బట్టతో నున్నవాడు పొడిబట్టతో నున్నవానికంటె త్వరగ చల్లబడును. కొండ యెక్కునప్పుడు కండరములు పనిచేయుటచే వేడి పుట్టును. దిగునప్పుడు కాళ్లకు పనిలేదు. పైగా వేగమువలన ఎదురుగాలి కొట్టును. ఆ దిగుటలోనే వ్రేళ్లు కొయ్యబారి బ్రేకు నొక్కలేని స్థితి వచ్చును. తడిసిన బండికి బ్రేకు సరిగ పట్టకపోవుటయు అప్పుడే. ప్రమాదము రెండువైపులనుండి వచ్చుననుట దీనిచే స్పష్టమగుచున్నది.

ఎండ సంగతి వేరు. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి శరీరమునుండి పోవును. చెమట కారుటచే చల్లదనము రాదు, ఆరుటచే వచ్చును. సముద్రమునకు దగ్గరగనున్న మన ప్రాంతమున గాలిలో తేమ యెక్కువ. చెమట కారును గాని త్వరగ ఆరదు. కావుననే కర్తరి యెండలలో ఉష్ణమాపకము చూపు అంకెకంటె మన దేహమునకు తాకు బాధ అధికముగ నుండును.

కుదింపు లేని దినములు

పూర్వము వాతావరణమెట్లున్నను పందెము సాగవలసినదే యని భావించెడివారు. 1980 ఏప్రిల్‌లో బెల్జియము దేశమున లియేజ్–బాస్టోన్–లియేజ్ అను ఒక్కనాటి పందెము మంచు తుపానులో జరిగినది. బయలుదేరినవారు 174 మంది. గమ్యము చేరినవారు 21 మంది మాత్రమే. ఫ్రాన్సు వీరుడు బెర్నార్ ఇనో తొమ్మిది నిమిషములకు మించిన తేడాతో గెలిచెను. కాని ఆ చలివలన ఆయన కుడిచేతి రెండు వ్రేళ్లకు కలిగిన బాధ ఆ తరువాతను విడువలేదు.

1988 జూన్ 5వ తేదీన జిరో పందెము ఇటలీలోని గావియా కనుమను దాటినది. ఆ కనుమ యెత్తు 2,600 మీటర్లకు మించినది. ఆనాడు మంచు కురిసినది. యోహాన్ వాన్ డెర్ వెల్డే అను డచ్చి దేశీయుడు పొట్టిచేతుల చొక్కాతోనే అందరికంటె ముందు కనుమ నెక్కెను. కాని దిగునప్పుడు చలికి తాళలేక ఆగిపోయి, గమ్యము చేరుసరికి ముక్కాలు గంటకు మించి వెనుకబడెను. అమెరికా దేశీయుడైన ఆండీ హాంప్‌స్టెన్ జట్టువారు మాత్రము ఆ ఉదయమే మంచులో వేసికొను చేతితొడుగులను, వెచ్చని బట్టలను కొని సిద్ధపరచిరి. మజిలీని ఎరిక్ బ్రూకింక్ గెలిచెను గాని, గులాబి చొక్కా హాంప్‌స్టెన్‌కు దక్కినది. ఆ సంవత్సరపు పందెమును కూడ ఆయనయే గెలిచెను. ధైర్యము ఇద్దరికిని కలదు. జాగ్రత్త ఒక్కనికే కలదు.

కుదించిన దినములు

1996 జూలైలో ఫ్రాన్సు పందెమున వాల్ డిజేర్ నుండి సెస్ట్రియేరెకు పోవలసిన మజిలీ సుమారు 190 కిలోమీటర్లు. ఇజెరాన్, గాలిబియే కనుమలపై మంచును, పెనుగాలియు నుండుటచే ఆ రెండింటిని విడిచి 46 కిలోమీటర్లు మాత్రమే నడిపిరి. అంత చిన్న మజిలీలోనే బ్యార్న్ రీస్ గెలిచి పసుపు చొక్కా నందుకొనెను. దూరము తగ్గినను పందెము పందెముగనే మిగిలినది.

2013 మార్చి 17న ఇటలీలో మిలాన్–సాన్ రెమో పందెము జరిగినది. అది 298 కిలోమీటర్ల ఒక్కనాటి పందెము. దారిలోని తుర్కీనో కనుమ మంచుతో మూసుకొనిపోయెను. నిర్వాహకులు పందెగాండ్రను ఒవాడ అను ఊర ఆపి, బస్సులలో నెక్కించి కనుమ దాటించి, సముద్రతీరమున కొగొలేతోవద్ద దింపి, మరల పందెమును సాగించిరి. సుమారు 50 కిలోమీటర్లు తగ్గినవి. కొందరు మరల బండి యెక్కుటకు నిరాకరించిరి. ఎక్కినవారిలో జర్మనీ దేశీయుడు గెరాల్డ్ చొలెక్ గెలిచెను.

2019 జూలై 26న జరిగినది మరింత విచిత్రము. ఫ్రాన్సు పందెమున పందొమ్మిదవ మజిలీ తీన్య వరకు పోవలసియున్నది. పందెగాండ్రు ఇజెరాన్ కనుమను దాటి దిగుచుండగ, దిగువ లోయలో వడగండ్లు కురిసి, కొండచరియ విరిగి బాటపై పడెను. నిర్వాహకులు పందెమును నడుమనే ఆపి, కనుమ శిఖరమున ఎవరు ఎంత కాలమునకు చేరిరో దానినే లెక్కలోనికి తీసికొనిరి. ఆ మజిలీకి విజేత లేడు. శిఖరమున ముందున్న కొలంబియా యువకుడు ఏగన్ బెర్నాల్‌కు పసుపు చొక్కా వచ్చినది. అంతవరకు దానిని ధరించియుండిన ఫ్రాన్సువాడు జూలియన్ అలాఫిలిప్ కొండ దిగుటలో గొప్ప నేర్పరి. దిగుటలో తనకు రాగల అవకాశము పోయినది. అయినను చేయదగినది మరియొకటి లేదు; ముందు బాటయే లేదు గదా! మరునాటి మజిలీని కూడ 130 కిలోమీటర్లనుండి 59కి కుదించిరి. ఆ సంవత్సరపు విజేత బెర్నాలే.

ఎండకు కుదించుటయు కలదు. 2018 జనవరిలో ఆస్ట్రేలియా దేశపు ‘టూర్ డౌన్ అండర్’ మూడవ మజిలీని వేడిమివలన 146.5 కిలోమీటర్లనుండి 120.5కు తగ్గించిరి. 2015లో ఒమాన్ దేశమున ఇసుకగాలికి తోడు ఎండవేడికి చక్రపు టైర్లు పగులుచుండగ ఒక మజిలీని పూర్తిగ రద్దుచేసిరి.

నియమము

ఇట్టి సంఘటనలలో ప్రతిసారియు బాటమీదనే తగవు పడుట మంచిది కాదని తెలిసికొని, అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2016 నుండి ఒక నియమావళిని అమలుపరచినది. గడ్డకట్టు వాన, బాటపై మంచు పేరుకొనుట, పెనుగాలి, మితిమీరిన వేడి లేక చలి, దారి కనబడకుండుట, గాలి కాలుష్యము – ఈ ఆరింటిలో ఏది కలిగినను సమావేశము జరుపవలెను. అందు నిర్వాహకుడు, వైద్యుడు, ప్రధాన న్యాయనిర్ణేత మొదలగువారే కాక, పందెగాండ్ర ప్రతినిధియు, జట్ల ప్రతినిధియు కూర్చుందురు. వారు బయలుదేరు వేళనో చోటునో మార్చవచ్చును; గమ్యమును మార్చవచ్చును; కొంత భాగమును లెక్కలోనికి రాకుండ చేయవచ్చును; తుదకు రద్దును చేయవచ్చును.

నియమమున్నంతమాత్రమున తగవు లేకపోలేదు. 2020 అక్టోబరు 23న జిరో పందెమున మొర్బెన్యో నుండి ఆస్తి వరకు 250 కిలోమీటర్లకు మించిన మజిలీ యుండెను. ముందునాడు పందెగాండ్రు స్తెల్వియో అను మహాకనుమ నెక్కి అలసియుండిరి. ఉదయమున వాన కురియుచుండగ తాము పూర్తిదూరము పోజాలమని తెలిపిరి. మజిలీని 124 కిలోమీటర్లకు తగ్గింపక తప్పలేదు. నిర్వాహకులు మిక్కిలి ఆగ్రహించిరి. ఆనాడు మంచు లేదు, కొండచరియ విరుగలేదు. వాన మాత్రమే కలదు. అలసట నిజమే కావచ్చును. కాని అలసటకు వాన పేరు పెట్టినపుడు, మరునాడు నిజమైన తుపాను వచ్చినను జనులు నమ్మరు. ఈ మాట మన పిల్లలకును, మనకును గుర్తుండవలెను.

మన పాఠశాలకు అన్వయము

2015 డిసెంబరు వరదలను మన ప్రాంతమువారు మరువలేరు. ఆ సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు 2016 జనవరికి వాయిదా పడినవి. 2023 డిసెంబరున మిచాంగ్ తుపాను మన తీరమును ముంచెత్తి, ఐదవ తేదీన బాపట్లవద్ద తీరము దాటినది. జిల్లా కలెక్టరుగారు సెలవు ప్రకటించిన దినమున మనకు చర్చ లేదు. చర్చ వచ్చునది సెలవు లేని వానదినములందు, ఆటల పోటీల దినములందు. నీట మునిగిన బాటలో గుంత యేదో, మూతలేని కాలువ యేదో సైకిలు పైనున్న పిల్లవానికి తెలియదు. తెగిపడిన విద్యుత్ తీగ అంతకంటె భయంకరము.

పైచరిత్రనుండి మేము గ్రహించిన నాలుగు సూత్రములను మీ ముందుంచుచున్నాము.

1. నిర్ణయము ముందే తెలియవలెను. ఏ స్థితిలో పరుగుపందెమును కుదింతుమో పోటీల దినమునకు పూర్వమే ప్రకటింపవలెను. పరుగు సగమైన పిమ్మట మార్చినచో ఎవరికో అన్యాయము జరుగును.

2. రద్దుకంటె కుదింపు మేలు. 1500 మీటర్ల పరుగు ఎండవలన కష్టమైనచో ఉదయమున ఏడు గంటలకే నడుపవచ్చును. లేదా 800 మీటర్లకు తగ్గింపవచ్చును. నెలల తరబడి సాధన చేసిన బిడ్డను ఊరక ఇంటికి పంపుట సులభము గాని న్యాయము కాదు.

3. పరుగెత్తువాని మాట వినవలెను. పిల్లలలో ఒక ప్రతినిధిని, తలిదండ్రులలో ఒకరిని, వ్యాయామోపాధ్యాయుని కూర్చుండబెట్టి నిర్ణయించుట మంచిది. కాని తల తిరుగుచున్నదని, వణకు పుట్టినదని ఏ బిడ్డ చెప్పినను సమావేశముతో పనిలేదు; వెంటనే ఆపవలెను.

4. తగ్గింపు అందరికిని సమముగ నుండవలెను. ఒక తరగతివారికి పూర్తిదూరము, మరియొక తరగతివారికి సగము దూరము పెట్టి బహుమతులను పోల్చరాదు.

బడికి వచ్చుటయందును ఇదే సూత్రము. వానదినమున ఒక గంట ఆలస్యముగ వచ్చిన బిడ్డను శిక్షింపవలదని ఉపాధ్యాయులకు తెలిపియున్నాము. తలిదండ్రులు కూడ ఆ దినమున సైకిలును ఇంటనుంచి, పెద్దవారిని తోడిచ్చి పంపుడు. వాన లేని దినమున వాన పేరు చెప్పి బిడ్డను ఇంట నుంచుకొనకుడు.

మొదటి ప్రశ్నకు మా సమాధానమిది. 1988లో మంచులో కనుమ నెక్కినవారు వీరులే. 2019లో బాట లేదని ఆగినవారును పిరికివారు కారు. వారు మరునాడు మరల బండి యెక్కి 59 కిలోమీటర్లు పోయిరి గదా! కుదించుటలో పిరికితనమున్నదో లేదో తెలియవలెనన్న, ఆ మరునాడు వారేమి చేసిరో చూడవలెను.

అభ్యాసము (ఇంటియందు పిల్లలతో చర్చించుటకు)

1. తడిబట్టతో నున్నవానికి చలి యెక్కువగ నుండుటకు కారణమేమి?
2. 2019 పందెమున శిఖరమున లెక్కించిన కాలమును నమ్ముట న్యాయమా? అలాఫిలిప్ పక్షమున ఒకరును, బెర్నాల్ పక్షమున ఒకరును వాదింపుడు.
3. మీ యింటినుండి పాఠశాల వరకు గల బాటలో వానకు నీరు నిలుచు చోట్లను గుర్తించి పటము గీయుడు. ఆ పటములను వ్యాయామోపాధ్యాయునికి అందజేసినచో, వానదినములందు ఏ బాటను విడువవలెనో పాఠశాలయందు ప్రకటింతుము.