చీకటిపెట్టెకు మరమ్మతు



మూతబడ్డ స్టూడియో అటక మీంచి హాఫ్ ప్లేట్ స్టాండు కెమెరా తెచ్చుకున్నావనీ, దాని ఇత్తడికి పాలిష్ డబ్బా కూడా కొన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ డబ్బా పక్కన పెట్టు. ఇత్తడి నల్లబడినా ఫొటో వస్తుంది, మడతల తిత్తికి (బెలోస్‌కి) చిల్లు పడితే రాదు. మరమ్మతు మొదలవ్వాల్సింది కెమెరా లోపలి చీకటి దగ్గర.

రాత్రిపూట గదిలో లైట్లార్పి, కెమెరా లోపల చిన్న టార్చి పెట్టి, తిత్తిని పూర్తిగా సాగదీసి చుట్టూ చూడు. చిల్లులు ఎక్కువగా మడతల మూలల్లోనే పడతాయి. ఒకటీ రెండూ ఉంటే పలచని నల్లగుడ్డ అతికి, నల్ల ఫ్యాబ్రిక్ పెయింటు పూస్తే చాలు. మూలలన్నీ చీకిపోయి ఉంటే కొత్తది కట్టించాల్సిందే. అందుకు హార్మోనియం బాగుచేసేవాళ్లను వెతుక్కో. కేరళలోని అలప్పుళలో కె. కరుణాకరన్ 1940లలో చేయడం మొదలుపెట్టిన ‘వాగీశ్వరి’ కెమెరాల కథ అలాంటి ఇంట్లోనే పుట్టింది. కరుణాకరన్ నాన్నగారు సంగీత వాయిద్యాలు బాగుచేసేవారు. ఒక స్టూడియో యజమాని చిరిగిన కెమెరా తిత్తిని ఆయన దగ్గరికి తెచ్చారు. హార్మోనియం తిత్తులు కట్టే ఇంటికి అది తెలిసిన పనే. తర్వాత టేకుతో, ఇత్తడితో అక్కడ తయారైన కెమెరాలు దేశంలోని ఎన్నో స్టూడియోలకు చేరాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. కెమెరా వెనక బొమ్మ చూసుకునే గ్రౌండ్ గ్లాసు గరుకు ముఖం లెన్సు వైపే ఉండాలి. ఆ ముఖం లెన్సుకు ఎంత దూరంలో ఉందో, ఫిల్ము హోల్డరు పెట్టాక ఫిల్ము కూడా సరిగ్గా అంతే దూరంలో ఉండాలి. పగిలిన అద్దం బదులు ఎవరైనా వేరేది తిరగేసి బిగించి ఉండొచ్చు. పైగా నీ హోల్డర్లు గాజు ప్లేట్ల కోసం చేసినవి. ఫిల్ము పలచన కాబట్టి వెనక అట్ట పెట్టి ముందుకు నొక్కి ఉంచాలి. గ్రౌండ్ గ్లాసు లోతు, హోల్డర్లో ఫిల్ము లోతు రెండూ వెర్నియర్ కాలిపర్‌తో కొలువు. ఇక్కడ తేడా ఉంటే ఎంత మంచి లెన్సయినా ఫొటో మసకే.

షట్టరు బిగుసుకుపోతే నూనె మాత్రం వెయ్యకు. నూనె రేకుల మీదికి పాకి అవి ఇంకా అంటుకుపోతాయి. షట్టరే లేని పాత లెన్సయితే దాని మూతే షట్టరు.

ఫిల్ము ఖరీదైనది, అందుకని మొదట ఫొటో పేపరు మీద నేర్చుకో. 5×7 పేపరును 4¾ × 6½ అంగుళాలకు కత్తిరిస్తే హాఫ్ ప్లేట్ హోల్డర్లో పడుతుంది. మామూలు నలుపు తెలుపు పేపరును ఎర్ర లైటు కింద కడగొచ్చు కాబట్టి బొమ్మ తేలడం కళ్లారా చూస్తావు. ఆ పేపరు వేగం ఐఎస్ఓ 6 దరిదాపుల్లో ఉంటుంది. మంచి ఎండలో ఎఫ్/32 దగ్గర సుమారు ఒక సెకను, నీడలో కొన్ని సెకన్లు మూత తీసి ఉంచాలి. దగ్గరి వస్తువు తీసేటప్పుడు తిత్తి లెన్సు ఫోకల్ లెంగ్తుకు రెట్టింపు సాగిందంటే ఎక్స్‌పోజరు నాలుగింతలు ఇవ్వాలి. ఈ లెక్క రాకే చాలామంది ఫిల్ము పాడుచేసుకుంటారు.

నల్లగుడ్డ కింద తల దూర్చితే బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది. కొద్దిరోజులకు కన్ను అలవాటు పడుతుంది. అప్పుడు చార్మినార్ దగ్గరికి వెళ్లు. కెమెరా మొత్తాన్ని పైకి వంచితే మీనార్లు ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి. వెనక భాగాన్ని నిటారుగా ఉంచి లెన్సు పలకను మాత్రం పైకి జరిపితే నిలువుగా నిలబడతాయి. ఈ ఒక్క పని కోసమైనా ఇలాంటి కెమెరా నేర్చుకోదగ్గదే.

ఎక్స్‌పోజరు లెక్కలు గుర్తుండడం ఎంత అవసరమో చూడు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీయబోతే లైట్ మీటరు కనిపించలేదు. చంద్రుడి వెలుగు విలువ గుర్తుండడంతో దాన్నిబట్టి లెక్కకట్టి 8×10 నెగెటివ్ ఒక్కటి తీశారు. రెండోదానికి హోల్డరు తిప్పేలోపు ఎండ పోయింది. అందుకే నోటుపుస్తకం పెట్టుకో. ప్రతి ఫొటోకూ వెలుగు, ఎఫ్ నంబరు, సెకన్లు, తిత్తి పొడవు రాసి కంఠతా వచ్చేదాకా చదువు.

చివరిగా ఒక కోరిక. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఎవరో ఒకరు పారెయ్యకుండా దాచబట్టే ఉన్నాయి. నీ కెమెరా దొరికిన అటక మీద అలాంటి నెగెటివ్‌లుంటే గాజు కింద జమకట్టనివ్వకు. ఒక్కోదాన్నీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పొడుగు అంచు మీద నిలబెట్టి, పొడిగా ఉండే చోట దాచు. ఈ వారమే వెళ్లి చూసి రా.